రెండో తూటా సంగతి

డిప్యూటీ కలెక్టరుగా చేరేవాళ్ళకి శిక్షణలో చాలా నేర్పుతారు. భూమి కొలతలు నేర్పుతారు, వరద సాయం ఎలా పంచాలో నేర్పుతారు, మంత్రిగారు కారు దిగినప్పుడు ఏ పక్కన నిలబడాలో కూడా నేర్పుతారు. ఒక్కటి మాత్రం నాకెవరూ నేర్పలేదు. పోలీసు కాల్చి మనిషి చనిపోతే, ఆ కాల్చడం సబబా కాదా అని విచారణ చేసే పని ఏదో ఒక రోజు మన బల్ల మీదకి వస్తుంది. పోలీసుల మీద పోలీసులే విచారణ చేసుకుంటే బాగుండదని ఆ పని రెవెన్యూ వాళ్ళకి పెట్టారు. మన చేతిలో తుపాకీ ఉండదు, దాని గురించి మనకేమీ తెలియదు. బహుశా అదే మన అర్హత.

నా సర్వీసులో ఇలాంటి విచారణలు రెండు చేశాను. మొదటిది సిగ్గుపడుతూ చెబుతాను. రెండోది కాస్త గర్వంగానే చెబుతాను. మధ్యమధ్యలో నవ్వొస్తే నవ్వండి. చనిపోయిన మనిషి మీద నవ్వొద్దు, మిగతా మా అందరి మీదా నవ్వుకోవచ్చు.

గుట్ట లేని ఊరు

అప్పటికి నేను ఆర్డీవోగా చేరి ఏడాది కాలేదు. ఒక ఊళ్ళో గుంపు మీద పోలీసులు కాల్చారు, ఒకాయన చనిపోయాడు. విచారణ నాకు వచ్చింది. నా పై అధికారి అనుభవం గల మనిషి. ఆయన్ని ఆఫీసులో అందరూ పెద్దాయన అనేవాళ్ళం.

ఆయన నన్ను పిలిచి, "అమ్మా, ఇలాంటి రిపోర్టు రెండు పేజీలు దాటకూడదు" అన్నారు.

"ఎందుకండీ?"

"దాటితే చదువుతారు."

నేను రెండు పేజీలే రాశాను. పోలీసులు పంపిన కాగితాలు చూసి, ఒక టీ తాగి, సంతకం పెట్టాను. గుట్ట మీద నుంచి జనం రాళ్ళు రువ్వారనీ, ప్రాణభయంతో పోలీసులు కాల్చారనీ, అది సబబేననీ రాశాను. నాలుగు నెలల తర్వాత ధాన్యం కొనుగోలు పని మీద ఆ ఊరు వెళ్ళాను. జీపు దిగి చుట్టూ చూస్తే ఎటు చూసినా వరిచేలు. గుట్ట ఎక్కడని వీఆర్వోని అడిగాను.

"గుట్టేంటండీ? మన డెల్టాలో గుట్టెక్కడిదండీ? ఇటుకల బట్టీ ఉండేది, అదీ తీసేసేరు" అన్నాడు.

పుట్టి పెరిగింది గోదావరి పక్కన, చదువుకుంది గోదావరి పక్కన. అయినా డెల్టాలో ఒక గుట్ట ఉందని నా సంతకంతో ఒప్పుకున్నాను. ఆ రోజు జీపులో తిరిగొస్తూ ఒక మాట అనుకున్నాను. ఇంకెప్పుడైనా ఇలాంటి పని వస్తే ముందు ఆ చోటు మీద నిలబడతాను, తర్వాతే కాగితం ముట్టుకుంటాను.

రేవులో జరిగింది

చాలా ఏళ్ళకి, నేను నరసాపురం వైపు పనిచేస్తున్నప్పుడు, రెండోది వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో చేపలు పట్టేవాళ్ళ ఊరు ఒకటుంది. ఆ ఊరి రేవులో పొద్దున్న తొమ్మిది గంటలకి సింహాచలం అనే ముప్ఫై ఏళ్ళ మనిషి పోలీసు తూటాకి చనిపోయాడు. వల వేసే చోటు గురించి గొడవపడి అంతకుముందు వారం ఒకతని తల పగలగొట్టాడని అతని మీద కేసు. పట్టుకోడానికి ఎస్సై కిషోర్, ఒక హెడ్ కానిస్టేబులు, ఇంకో కానిస్టేబులు వెళ్ళారు. రెండు తూటాలు పేలాయి. ఒకటి సింహాచలం తొడలోకి, రెండోది ఛాతీలోకి వెళ్ళాయి. హెడ్ కానిస్టేబులు చేతికి కత్తిగాటు, ఏడు కుట్లు.

ఇంతవరకు అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత అందరూ అబద్ధాలు చెప్పారు.

పోలీసుల కథ ఇది. సింహాచలం హెడ్ కానిస్టేబుల్ని కత్తితో పొడిచాడు. ఎస్సై తొడ మీద కాల్చాడు. అయినా ఆగకుండా కత్తితో ఎస్సై మీదకి ఉరికాడు. రెండడుగుల దూరంలోకి వచ్చేసరికి ఎస్సై ఆత్మరక్షణ కోసం రెండోసారి కాల్చాడు. ముగ్గురు పోలీసులూ విడివిడిగా రాసిచ్చిన వాంగ్మూలాలు నా ముందు పెట్టారు. మూడింటిలోనూ "ఆత్మరక్షన" అని ఒకే అక్షరం తప్పు ఉంది.

"ముగ్గురూ ఒకే బడిలో చదివారా?" అని సీఐ గారిని అడిగాను. సీఐ అంటే ఎస్సై పైన ఉండే అధికారి. మనిషి భారీగా ఉంటాడు, బూట్లు అద్దంలా మెరుస్తుంటాయి.

"యాదృచ్ఛికం అండి" అన్నాడాయన.

ఇక ఊరి కథ. సింహాచలం దగ్గర అసలు కత్తే లేదు. పడవలో కూర్చుని చద్దన్నం తింటున్నాడు. పోలీసుల్ని చూసి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. దణ్ణం పెడుతుండగా కాల్చారు. హెడ్ కానిస్టేబులు చెయ్యి పడవ మేకు గీరుకుని తెగింది. ముప్ఫై ఏడుగురు సాక్షులు వరసగా నిలబడి ఇదే చెప్పారు, మాట తేడా లేకుండా. వాళ్ళలో ఒకాయన ఆ రోజు తునిలో మేనకోడలి పెళ్ళిలో ఉన్నాడని నా దగ్గర కాగితం ఉంది.

"మీరు తునిలో ఉన్నారు కదండీ, ఎలా చూశారు?" అన్నాను.

ఆయన ఏమాత్రం తడబడలేదు. "ఊరంతా చూసిందండి. నేనూ ఊళ్ళోవాణ్ణే కదండి" అన్నాడు.

ఇప్పటి రోజుల్లో అందరి దగ్గరా ఫోన్లు ఉంటాయి కదా అంటారేమో. ఉన్నాయి. పదకొండు వీడియోలు వచ్చాయి. అన్నీ రెండో తూటా పేలిన తర్వాతవే. చప్పుడు వింటేనే కదా ఎవరైనా ఫోను తీసేది.

శవపరీక్ష చేసిన డాక్టరు గారు నన్ను గట్టెక్కిస్తారనుకున్నాను. రెండో తూటా పైనుంచి కిందికి దిగిందని రాశారాయన. చూశారా, ఎస్సై రేవు మెట్టు మీద ఉన్నాడు కాబట్టే అని పోలీసులు సంబరపడ్డారు. చూశారా, మావాడు మోకాళ్ళ మీద ఉన్నాడు కాబట్టే అని ఊరివాళ్ళు సంబరపడ్డారు. ఒకే వాక్యానికి రెండు పక్షాలూ చప్పట్లు కొట్టడం అప్పుడే చూశాను.

మంగాయమ్మ

రేవు చూద్దామని వెళ్ళాను. పోలీసుల పటం ప్రకారం కొలిచాను. నీళ్ళు మెట్ల దాకా ఉన్నాయి. పటంలో శవం మెట్టు పక్కన గట్టు మీద ఉంది. అంతా సరిపోయింది. ఈసారి చోటు మీద నిలబడ్డాను కదా అని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. మెట్ల పక్కన చేపలమ్మే మంగాయమ్మ గంప ముందు కూర్చుని నన్నే చూస్తోంది. అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏడుగురిలో ఆమె లేదు.

"ఏం కొలుస్తున్నారమ్మా, నీళ్ళా?" అంది.

"సింహాచలం పడిన చోటు."

"పోటు మీద వచ్చి ఏం కనిపిస్తుందండి? ఆ పొద్దున్న ఆటు. నీళ్ళు అదిగో, ఆ గుంజ దాటి పోయేయి. ఇక్కడంతా బురద. ఆటు మీద రండి, చూపిత్తాను."

నదిలో నీళ్ళు సముద్రంతో పాటు రోజుకి రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతాయని నాలుగో తరగతిలో చదువుకున్నాను. జీతం తీసుకునే మేమెవరమూ దాన్ని గుర్తుపెట్టుకోలేదు. పటం గీసినాయన నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు వచ్చాడు. నీళ్ళలో మనిషిని గీయలేక గట్టు మీదకి ఎక్కించేశాడు.

"నువ్వు చూశావా మంగాయమ్మా?"

"చూసేను."

"మరి విచారణకి రాలేదేం?"

"పోలీసోళ్ళు కత్తితో ఉరికేడని చెప్పమన్నారు. ఊరోళ్ళు దణ్ణం పెట్టేడని చెప్పమన్నారు. నేను చూసింది ఎవరూ అడగలేదండి."

"నేను అడుగుతున్నాను."

ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని చెప్పింది. సింహాచలం ఆమెకి దూరపు చుట్టమే. పడవ బురదలో ఆగి ఉంది. హెడ్ కానిస్టేబులు బురదలోకి దిగి పడవ దగ్గరికి వెళ్ళి చొక్కా పట్టుకున్నాడు. సింహాచలం కత్తి తీసి చెయ్యి కోశాడు, మళ్ళీ ఎత్తాడు. మెట్ల మీద నుంచి ఎస్సై కాల్చాడు. సింహాచలం పడ్డాడు, కత్తి ఎక్కడో పడింది. హెడ్ కానిస్టేబులు పాక్కుంటూ మెట్ల మీదకి వచ్చేశాడు.

"అప్పుడు నాకు బయం వేసిందండి. తలమీద గుడ్డచుట్ట పెట్టుకున్నాను, గంప ఎత్తుకున్నాను, పోతూ ఓసారి పడవ వంక తిరిగి చూసేను. అప్పుడు పేలింది రెండోది."

"అప్పుడు సింహాచలం ఏం చేస్తున్నాడు? ఉరికాడా, దణ్ణం పెట్టాడా?"

"రెండూ కాదండి. వంగి బురదలోంచి కాలు పీక్కుంటున్నాడు."

సీఐ గారి బూటు

మర్నాడు ఆటు చూసుకుని అందరినీ రేవుకి పిలిచాను. పోలీసులు వచ్చారు, ఊరు వచ్చింది, సింహాచలం తల్లి నూకరత్నం కూడా వచ్చి గట్టు మీద కూర్చుంది. మంగాయమ్మ చూపించిన చోటుకీ ఎస్సై నిలబడ్డ మెట్టుకీ మధ్య ఎనిమిది అడుగుల దూరం, అంటే మనిషి నడకలో ఎనిమిది అడుగులు, వచ్చింది.

సీఐ గారు నవ్వారు. "ఎనిమిదడుగులు ఏపాటండీ మేడమ్? కత్తి పట్టుకున్నవాడు రెండు సెకన్లలో వచ్చేస్తాడు. కావాలంటే నేను చూపిస్తాను."

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ఆ బురద లోతెంతో నాకు అప్పటికే తెలుసు. చెప్పాల్సింది. చెప్పలేదు. "చూపించండి" అన్నాను, ముఖం చాలా గంభీరంగా పెట్టుకుని.

ఆయన కొలతల కోసం బురద మీద వేయించిన చెక్కపలక మీద నడిచి పడవ దాకా వెళ్ళి, అక్కడినుంచి కత్తి పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తి ఉరికారు. మొదటి అడుగు పడింది. రెండో అడుగు మోకాలి దాకా దిగింది. మూడో అడుగు రాలేదు. లాగితే కాలు వచ్చింది గానీ బూటు రాలేదు. ముందుకి వాలి రెండు చేతులూ బురదలో పెట్టారు. గట్టు మీద జనం పకపకా నవ్వారు. పోలీసులు కూడా ముఖాలు తిప్పుకున్నారు. నేను ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. చివరికి ఇద్దరు వెళ్ళి ఆయన్ని చెరో చంక పట్టుకుని లేపారు.

నవ్వులింకా ఆగలేదు. గట్టు మీద నుంచి నూకరత్నం గొంతు వినిపించింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"నువ్వు లేవడానికే ఇంతసేపు పట్టింది కదా బాబూ. ఆడి కాల్లో గుండుంది."

సీఐ గారు ఒక బూటుతో అలాగే నిలబడ్డారు. దణ్ణం పెట్టాడని చెప్పిన ముప్ఫై ఏడుగురూ బురద వంక చూస్తున్నారు. ఎస్సై కిషోర్ మాత్రం తన చేతుల వంక చూసుకుంటున్నాడు. ఆ తర్వాత మంగాయమ్మతో నిండు గంప మూడుసార్లు ఎత్తించి వాచీ చూశాను. హెడ్ కానిస్టేబులు మెట్లెక్కాక రెండో తూటా పేలేదాకా అంతసేపన్నమాట, ఏడు, ఎనిమిది సెకన్లు.

కిషోర్ వాదన

ఆ ఆదివారం పొద్దున్న కిషోర్ మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నేను కాఫీ ఇచ్చాను. విచారణ అధికారి అలా ఇవ్వకూడదేమో గానీ, ఇంటికొచ్చిన మనిషికి ఇవ్వకుండా ఎలా ఉంటాం?

"మేడమ్, నా వాంగ్మూలం మార్చుకుంటానండి" అన్నాడు.

"ఏమని?"

"ఆయన నా మీదకి రాలేదండి. వంగేడు. చెయ్యి బురదలో పెట్టేడు. కత్తి వెతుకుతున్నాడనుకున్నాను."

"వెతుకుతున్నాడా?"

"తెలీదండి. ఇప్పటికీ తెలీదు." కొంచెం రోషంగా అన్నాడు. "మేడమ్, మీకు ఆలోచించడానికి మూడు నెలలు ఇచ్చారు. నాకు గంప ఎత్తేంత సేపే ఉందండి. మా హెడ్ గారి రక్తం నా చొక్కా మీద పడింది. ఆ చోట మీరుంటే ఏం చేసేవారు?"

నిజాయితీగా చెబితే, నేనైతే మొదటి తూటాకే కళ్ళు మూసుకునేదాన్నేమో. అదే అతనితో అన్నాను.

"మొదటిది నేను కాల్చలేకపోయేదాన్ని కిషోర్. నువ్వు కాల్చావు కాబట్టి ఆ హెడ్ కానిస్టేబులు బతికున్నాడు. అది రాస్తాను. కానీ ఆయన మెట్లెక్కేశాడు. మీరు ముగ్గురు, గట్టి నేల మీద ఉన్నారు. అతను ఒక్కడు, కాల్లో తూటాతో బురదలో ఉన్నాడు. ఇంకో రెండడుగులు వెనక్కి వేసి ఉంటే సరిపోయేది."

"వెనక్కి వెయ్యడం మాకు నేర్పలేదండి" అన్నాడు.

ఆ మాట రిపోర్టులో యథాతథంగా రాశాను. మొత్తం రిపోర్టులో పనికొచ్చే వాక్యం అదొక్కటే అని నా అభిప్రాయం.

సగం సగం

రిపోర్టు నలభై ఒక్క పేజీలు వచ్చింది. మొదటి తూటా సబబు, రెండోది కాదు అని తేల్చాను. అప్పటికి పెద్దాయన మళ్ళీ నాకు పై అధికారిగా వచ్చి ఉన్నారు. చదివి ఫోను చేసి రమ్మన్నారు.

"సగం సగం ఏంటమ్మా? కాల్చడం సబబా కాదా అని అడిగారు. ఔను అనో కాదు అనో రాయాలి."

"రెండు తూటాలు కదండీ. రెండు జవాబులు."

ఆయన ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "ఒకటి ఆలోచించు. రేపు ఇంకో ఎస్సై నీ రిపోర్టు గుర్తొచ్చి తుపాకీ తియ్యడానికి ఒక్క క్షణం తటపటాయిస్తాడు. ఆ క్షణంలో ఇంకో హెడ్ కానిస్టేబులు పోతాడు. అప్పుడు వాడి పెళ్ళాం పిల్లలకి ఎవరు జవాబు చెబుతారు?"

మంచి వాదన అది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. నేనూ తీసెయ్యలేదు.

"తటపటాయించొద్దనే రాశానండీ, మొదటిదానికి. ఎదుటివాడి కత్తి ఇంకొకడి మెడ మీద ఉన్నంతసేపూ కాల్చొచ్చు. ఆ మెడ తప్పుకున్నాక తుపాకీ కూడా ఆగాలి. రెండిటికీ తేడా లేదని మనం రాస్తే, ఆ తేడా చూడమని ఏ ఎస్సైకి చెబుతాం?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నలభై ఒక్క పేజీలు. ఇక చదివి తీరతారు" అని, సంతకం పెట్టి పైకి పంపారు. ఆపొచ్చు, ఆపలేదు. ఆయన మీద నాకున్న గౌరవమంతా ఆ ఒక్క సంతకం వల్ల వచ్చింది.

మీ రిపోర్టుతో రెండు పక్షాలూ సంతోషిస్తే ఎక్కడో లేని గుట్ట కట్టారని అర్థం. నా రిపోర్టుతో ఎవరూ సంతోషించలేదు. కత్తి ఉందని రాసినందుకు ఊరివాళ్ళు నా జీపు అడ్డగించారు. రెండోది తప్పని రాసినందుకు పోలీసులు పలకరించడం మానేశారు. ప్రభుత్వం నన్ను ఒక శిక్షణా కేంద్రానికి బదిలీ చేసింది. అక్కడ కుర్చీలు నూట ఇరవై ఉన్నాయి, శిక్షణ పొందేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఏడాదిపాటు కుర్చీలకి హాజరు వేశాను.

కేసు కోర్టుకి వెళ్ళింది. మంగాయమ్మ బోను ఎక్కింది. హెడ్ కానిస్టేబులు మెట్లెక్కాక రెండో తూటాకి ఎన్ని సెకన్లు అని కిషోర్ తరఫు వకీలు గద్దించాడు.

"సెకన్లు నాకు తెలీవండి. గంప తెప్పించండి" అంది.

జడ్జిగారు నిజంగానే తెప్పించారు. హత్య కాదు గానీ ఆత్మరక్షణ హద్దు దాటిందని తేల్చి కిషోర్‌కి కొన్నేళ్ళు శిక్ష వేశారు. శిక్ష పూర్తి చేసుకుని వచ్చి ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా ఉన్నాడు. ఓసారి ఫోను చేశాడు. కోపంగా లేడు, స్నేహంగానూ లేడు. హెడ్ గారి కూతురి పెళ్ళికి వెళ్ళొచ్చానని మాత్రం చెప్పాడు.

నూకరత్నం

నేను రిటైరై రాజమండ్రిలో స్థిరపడ్డాక ఒక మధ్యాహ్నం నూకరత్నం మా ఇంటికి వచ్చింది. అడ్రసు ఎలా కనుక్కుందో తెలియదు. బాగా పెద్దదైపోయింది. మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూర్చోమంటే కూర్చోకుండా గుమ్మం దగ్గరే కూర్చుంది.

"మా వాడు కత్తి ఎత్తేడని రాసేరంట కదండి."

పోట్లాటకి వచ్చిందనుకున్నాను. "రాశానమ్మా" అన్నాను.

"నిజమే రాసేరు. నేను చూసేను. గట్టు మీద నుంచి చూసేను. ఒరే వొద్దురా అని అరిచేను కూడా."

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను.

"కత్తి లేదని మీ ముందు ఏలిముద్ర ఏసేను. ఆ ముప్పై ఏడుగురూ నా మొకం చూసి ఏసేరు. నా మూలంగా ఏసేరు. అది తీసెయ్యడానికి ఏదన్నా దారుందా అమ్మా?"

"రికార్డు ఇప్పుడు మారదమ్మా. అయినా అంతా అయిపోయింది కదా, ఇప్పుడెందుకు?"

"వాణ్ణి చంపింది తప్పేనండి. కోర్టు కూడా చెప్పింది. దానికి నా అబద్దం అక్కర్లేకపోయింది. నేను ఒకటి అబద్దం చెప్పేనని, వాడి చావు కూడా అబద్దమేనేమో అంటున్నారు ఇప్పుడు కొందరు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీరు చదువుకున్నోళ్ళు. ఎక్కడో ఓ చోట రాయండి. నూకరత్నం చూసిందని, చూసి లేదని చెప్పిందని రాయండి."

"రాస్తాను. పేరు మార్చి రాయనా?"

ఆమె నా వంక వింతగా చూసింది.

"మారిస్తే అది మళ్ళీ అబద్దమే కదండి" అంది.

ఇందులో మిగతా అందరి పేర్లూ మార్చాను. ఆమె పేరు మాత్రం నూకరత్నమే.